సెకనులో మూడో వంతు

 

ఫిబ్రవరి 25, 26 వచ్చాయంటే కువైట్‌లో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. బాల్కనీలకు జెండాలు, గల్ఫ్ రోడ్డు మీద కార్ల వరస. 25 జాతీయ దినం, 26 విమోచన దినం. నాలాంటి వార్డు నర్సులకు డ్యూటీ ఉంటే ఉంటుంది, లేకపోతే బిర్యానీ చేసుకుని ఇంట్లో ఉంటాం.

ఈసారి ఆ రోజుల్లో మా పెద్దమ్మాయి విజిట్ వీసా మీద నా దగ్గర ఉంది. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. నర్సింగ్ హోముల్లో ఏ పేషెంటుకు ఏ మందు ఎప్పుడివ్వాలో గుర్తు చేసే ప్రోగ్రాం రాస్తారంట. ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకుంది. వచ్చిన రెండో రోజే అన్నం ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది.

"ఏమైంది పాపా?" అంటే, "అమ్మా, హైదరాబాద్‌లో అన్ని టెస్టులూ పచ్చగా వచ్చినాయి. ఇక్కడ రన్ చేస్తే ఒకటి ఎర్రగా వస్తాంది. మా లీడ్ ఏమో ఆ ఒక్కటీ స్కిప్ చెయ్యమంటున్నాడు. శుక్రవారం ఇచ్చేయాలంట" అంది.

టెస్టులంటే నాకు తెలిసింది రక్తం, మూత్రం టెస్టులే. అదేందో చెప్పమన్నాను. చెప్పింది. ఆ తర్వాత నేను కూర్చుని చదివాను. చదివిన కొద్దీ తెలిసిందేమంటే, ఆ ఒక్క ఎర్ర గీత వెనక చాలా పెద్ద కథ ఉంది. అందులో ఒక ముక్క మన పక్కనే, మనం సెలవు తీసుకునే ఆ తేదీనే జరిగింది.

1991 ఫిబ్రవరి 25, దహ్రాన్

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మనవాళ్లు బస్సులెక్కి, ఎడారి దాటి, జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిరిండియా విమానాల్లో బొంబాయి దిగిన సంగతి మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 1991 జనవరిలో కువైట్‌ను విడిపించే యుద్ధం మొదలైంది. ఇరాక్ స్కడ్ క్షిపణులు విసిరేది. వాటిని గాల్లోనే కూల్చడానికి అమెరికా సైన్యం సౌదీలో పేట్రియాట్ అనే క్షిపణులు పెట్టింది.

ఫిబ్రవరి 25 రాత్రి దహ్రాన్ వైపు ఒక స్కడ్ వచ్చింది. అక్కడి పేట్రియాట్ అసలు కదల్లేదు. ఆ స్కడ్ సైనికులు ఉంటున్న గోడౌను మీద పడింది. 28 మంది చనిపోయారు. అందులో 13 మంది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒకే చిన్న దళం వాళ్లు. మంచినీళ్లు శుద్ధి చేయడానికి వచ్చినవాళ్లు, సౌదీలో దిగి వారం కూడా కాలేదు. చనిపోయినవాళ్లలో ముగ్గురు ఆడవాళ్లు.

ఎందుకు కదల్లేదు? అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 1992లో దీని మీద నివేదిక ఇచ్చింది. కారణం గడియారం లెక్క.

ఆ యంత్రంలోని కంప్యూటరు కాలాన్ని సెకనులో పదో వంతుల చొప్పున లెక్కపెట్టేది. తర్వాత సెకన్లు కావాలంటే 0.1తో గుణించేది. మనకు 0.1 అంటే సులువు. కంప్యూటరుకు మాత్రం ఉన్నవి రెండే అంకెలు, సున్నా, ఒకటి. వాటితో పదో వంతు రాయబోతే ఎప్పటికీ తెగదు. పది రూపాయలు ముగ్గురికి సమంగా పంచబోతే 3.333 అని సాగుతూనే ఉంటుంది చూడండి, అట్లా. ఆ కంప్యూటరులో 24 అంకెలకే చోటుంది. మిగిలిన తోకను కత్తిరించేశారు. దానివల్ల ప్రతి పదో వంతుకూ పోయేది సుమారు 0.000000095 సెకను. ఎవరు పట్టించుకుంటారు?

కానీ దహ్రాన్‌లోని ఆ యంత్రం 100 గంటలకు పైగా ఆపకుండా నడుస్తోంది. 100 గంటలంటే 36 లక్షల పదో వంతులు. అన్నీ కలిస్తే 0.34 సెకను తేడా. అంటే సెకనులో మూడో వంతు. స్కడ్ సెకనుకు ఒకటిన్నర కిలోమీటరుకు మించి పోతుంది. ఆ కాస్త తేడాకే యంత్రం అర కిలోమీటరు పక్కన ఆకాశంలో వెతికింది. అక్కడ ఏమీ కనపడలేదు కాబట్టి వచ్చేది స్కడ్ కాదనుకుంది.

నాకు ఎక్కువ బాధేసింది తేదీలు చూసినప్పుడు. ఫిబ్రవరి 11నే ఇజ్రాయెల్ వాళ్లు, 8 గంటలు వరసగా నడిపితేనే గురి తప్పుతోందని చెప్పారు. 16న సరిచేసిన ప్రోగ్రాం తయారైంది. 21న "మరీ ఎక్కువసేపు నడపకండి" అని కబురు పంపారు. ఎంతసేపైతే మరీ ఎక్కువో అందులో రాయలేదు. కొత్త ప్రోగ్రాం దహ్రాన్ చేరింది 26న. పడిపోయిన మరుసటి రోజు. ఒక్కసారి ఆపి మళ్లీ ఆన్ చేసి ఉన్నా గడియారం సున్నా నుంచి మొదలయ్యేది.

"అన్ని గంటలు నడిపి చూసే టైము యుద్ధంలో ఎవరికుంటుంది?" అని పాపను అడిగాను. పాప నవ్వింది. "నడపక్కర్లేదమ్మా. ఆ లెక్క చేసే ముక్క ఒక్కటి విడిగా తీసుకుని, 36 లక్షలు అని ఇవ్వాలి. సరిగ్గా 3,60,000 సెకన్లు రావాలి. రాకపోతే ఎరుపు. కన్ను మూసి తెరిచేలోగా తెలిసిపోతుంది. దాన్నే యూనిట్ టెస్ట్ అంటారు."

వాడకం వేరు, పరీక్ష వేరు

ఇంకో కథ మన ఆసుపత్రి లోకానిది. థెరాక్-25 అని కెనడాలో తయారైన రేడియేషన్ యంత్రం. 1985 జూన్ నుంచి 1987 జనవరి మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు కేన్సర్ పేషెంట్లకు అది ఇవ్వాల్సినదానికి ఎన్నో రెట్ల కిరణాలు ఇచ్చేసింది. కొందరు అదే కారణంతో చనిపోయారు.

1986 మార్చిలో టెక్సాస్‌లోని టైలర్‌లో యంత్రం నడిపే అమ్మాయి ఒక అక్షరం తప్పు కొట్టింది. చూసుకుని వెంటనే వెనక్కి వెళ్లి దిద్దింది. తెర మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది. దానర్థం ఎవరికీ సరిగా తెలియదు. లోపల పేషెంటు కాలిపోయాడు. కంపెనీ ఇంజనీర్లు వచ్చి ఒక రోజంతా చూసి, ఆ తప్పును మళ్లీ రప్పించలేక, యంత్రం బాగానే ఉందని వెళ్లిపోయారు. ఏప్రిల్‌లో మళ్లీ అదే జరిగింది. ఆ ఇద్దరూ దక్కలేదు.

అప్పుడు ఆ ఆసుపత్రి భౌతిక శాస్త్ర నిపుణుడు, ఆ అమ్మాయి కలిసి కూర్చుని, తను ఏమి కొట్టిందో మళ్లీ మళ్లీ కొట్టి చూశారు. చివరికి 54 వచ్చింది. రహస్యం ఆమె వేళ్ల వేగంలో ఉంది. రోజూ చేసే పని కాబట్టి చకచకా దిద్దేది. 8 సెకన్లలోపు దిద్దితే యంత్రం లోపల ఒక భాగానికి ఆ దిద్దుబాటు తెలిసేది కాదు. మెల్లగా కొట్టి చూసిన ఇంజనీర్లకు అది ఎలా దొరుకుతుంది? ముందు తప్పును మళ్లీ రప్పించాలి, తర్వాతే కారణం వెతకాలి అని పాప వాళ్లకు మొదట్లోనే నేర్పిస్తారంట.

ఆ యంత్రాన్ని 2,700 గంటలు పరీక్షించామని కంపెనీ మనిషి ఒక సమావేశంలో చెప్పాడు. గట్టిగా అడిగితే, అవి వాడిన గంటలని తేలింది. విడి ముక్కలకు చేసిన పరీక్షలు చాలా తక్కువ. ఒక్కటి మాత్రం నిజం చెప్పాలి. రెండు పనులు ఒకదాన్నొకటి దాటుకునే ఇలాంటి తప్పు విడి ముక్కల పరీక్షలో తేలిగ్గా దొరకదు, అన్నీ కలిపి కూడా చూడాలి. కానీ విడి ముక్కలే చూడనివాళ్లు ఎక్కడని వెతుకుతారు?

పచ్చ గీత, ఎర్ర గీత

పరీక్షలు మనిషి చేస్తే విసుగొస్తుంది, మర్చిపోతాడు. వాటిని కూడా ప్రోగ్రాంగా రాసి, ఒక్క మీట నొక్కితే అన్నీ నడిచేలా చేయాలని కెంట్ బెక్ అనే అమెరికా ప్రోగ్రామరు 1994లో స్మాల్‌టాక్ అనే కంప్యూటరు భాషకు ఒక పనిముట్టు రాశాడు. 1997లో అతనూ ఎరిక్ గామా అనే స్విస్ ఆయనా జూరిక్ నుంచి అట్లాంటా పోయే విమానంలో పక్కపక్కన కూర్చుని జావా భాషకు అలాంటిదే మొదలుపెట్టారు. అదే జేయూనిట్. అన్నీ సరిగా వస్తే పచ్చ గీత, ఒక్కటి తప్పినా ఎర్ర గీత. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో జావా నేర్చుకున్న మన పిల్లలందరికీ ఆ పేరు తెలిసే ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే అడిగి చూడండి.

పాప ఇదంతా చెబుతుంటే, మేము రోజూ చేసేది ఇదే కదా అనిపించింది. వార్డులో షుగర్ చూసే గ్లూకోమీటరు ఉంటుంది. పేషెంటు వేలు గుచ్చేముందు కంట్రోల్ ద్రావణం చుక్క వేసి చూస్తాం. అందులో చక్కెర ఎంతుందో ముందే తెలుసు, ఎంతలోపు రావాలో స్ట్రిప్పుల డబ్బా మీద రాసి ఉంటుంది. బయటికి పోయిందంటే ఆ మీటరు పేషెంటు దగ్గరికి పోకూడదు.

అప్పుడు ఏం చేస్తాం? మీటరును విసిరికొట్టం. ద్రావణం గడువు చూస్తాం, సీసా ఎప్పుడు తెరిచారో చూస్తాం. స్ట్రిప్పుల డబ్బా మూత సరిగా ఉందా, ఈ ఎండలకు బయట పెట్టేశారా అని చూస్తాం. కొత్త స్ట్రిప్పుతో మళ్లీ చేస్తాం. అయినా రాకపోతే వేరే డబ్బా, తర్వాత వేరే మీటరు. ఒక్కోసారి ఒక్కటే మారుస్తాం. అన్నీ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో తెలియదు కదా.

కంట్రోల్ తప్పింది కాబట్టి కంట్రోల్ చేయడం మానేద్దాం అని మాత్రం ఎవరూ అనరు.

అదే పాపతో అన్నాను. కాసేపు ఊరుకుంది. తర్వాత ప్లేటు పక్కన పెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది.

ఆ ఎరుపు ఎక్కడిది?

తప్పిన ఆ ఒక్క టెస్టునే విడిగా రన్ చేసింది. మళ్లీ ఎరుపే. ఇంకో టెస్టు వదిలేసిన చెత్త వల్ల కాదన్నమాట. హైదరాబాద్ మిషనులో ఉన్న జావా, దానికి తోడు వాడే లైబ్రరీలు, అన్నీ అవే వెర్షన్లా అని పోల్చింది. అవే. అప్పుడు ఎర్ర అక్షరాల్లో ఏముందో మెల్లగా చదివింది. రావాల్సిన తేదీ 12, వచ్చింది 11.

టెస్టులో ఉన్నది రాత్రి 1:30కి ఇవ్వాల్సిన మందు.

చదువుతున్న మీలో సగం మందికి ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఊళ్లో పిల్లల పుట్టినరోజుకు అందరికంటే ముందు ఫోన్ చేయాలని మనం రాత్రి 9:30 కోసం ఎదురుచూస్తాం కదా. ఇక్కడ 9:30 అయితే అక్కడ పన్నెండు. మన దేశంలో 12వ తేదీ రాత్రి 1:30 అంటే, కువైట్‌లో ఇంకా 11వ తేదీ రాత్రి 11 గంటలే. ఆ ప్రోగ్రాం ఎక్కడ నడిస్తే అక్కడి గడియారం చూసి తేదీ రాసుకుంటోంది. హైదరాబాద్‌లో రాసినవాళ్లందరి గడియారాలూ ఒకటే కాబట్టి ఎవరికీ ఎరుపు రాలేదు.

"అయితే కువైట్‌లో వాడకపోతే సరిపోతుంది కదా?" అన్నాను.

"కాదమ్మా" అంది, మొహం మారిపోయి. "వచ్చే నెల నుంచి ఇది నడవబోయేది అద్దె సర్వర్లో. దాని గడియారం మన దేశానిది కాదు, ఐదున్నర గంటలు వెనక." అంటే అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఇచ్చే ప్రతి మందూ ముందు రోజు లెక్కలో పడేది. డ్యూటీలోకి వచ్చిన నర్సు తెర చూసి, ఈ రోజుది ఇంకా ఇవ్వలేదనుకుని రెండోసారి ఇస్తే? అది ఇన్సులిన్ అయితే? నైట్ డ్యూటీలు చేసిన నాకు ఒళ్లు జలదరించింది.

రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంది. ఏ ఊరి గడియారమో ప్రోగ్రాంలోనే స్పష్టంగా రాసింది. ల్యాప్‌టాప్ టైమును కువైట్‌కు, ఇండియాకు, సర్వర్ టైముకు మార్చి మూడుసార్లు రన్ చేసింది. మూడుసార్లూ పచ్చ. లీడ్‌కు ఫోన్ చేసి తగ్గు గొంతుతోనే, కానీ గట్టిగా చెప్పింది, స్కిప్ చేయడం లేదని. శుక్రవారం ఇవ్వాల్సింది సోమవారం ఇచ్చారు. ఉద్యోగం పోతుందేమోనని రెండు రోజులు భయపడింది. పోలేదు.

అక్కా, చెల్లీ, మన పిల్లలు ఎందరో ఈ పనిలో ఉన్నారు. ఫోన్లో "టెస్ట్ ఫెయిలవుతోంది" అని విసుక్కుంటే, మనకు అర్థం కాని సంగతని ఊరుకోకండి. "ఏమి రావాలి, ఏమి వచ్చింది?" అని ఒక్కమాట అడగండి. ఆ రెంటికీ జవాబు చెప్పగలిగితే సగం దారి దొరికినట్టే. తీసేద్దామని చూస్తుంటే మాత్రం దహ్రాన్ సంగతి చెప్పండి.

పాప మార్చిలో వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టులో లోపలికి పోతూ, వాచీ ఇండియా టైముకు ఇప్పుడే మార్చుకోవాలా, దిగాక మార్చుకోవాలా అని అడిగి తనే నవ్వుకుంది. వచ్చే ఫిబ్రవరిలో జెండాలు కట్టేటప్పుడు నేను మాత్రం ఆ 28 మందిని ఒకసారి తలుచుకుంటాను.