లోహరంధ్రముల సానపని



నేను ముప్పదియేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పి విశ్రమించినవాడను. ఇప్పుడు హైదరాబాదులోని కృష్ణానగరున వసించుచున్నాను. సినిమా పనివారును, చిన్న వేషములవారును కాపురముండు పేట యిది. మా వీధి చివర, షూటింగులకు విద్యుత్తు నిచ్చు జనరేటరు బండ్లను బాగుచేయు చిన్న కార్ఖానా కలదు. దాని మేస్త్రి ఒకప్పుడు నా శిష్యుడు. సంధులు రాక నాచేత పలుమారు మాటపడినవాడు.

మొన్న నొకదినము అతడు సానరాళ్లు బిగించిన కడ్డీని ఇంజను సిలిండరులో త్రిప్పుచు, పైకి క్రిందికి ఆడించుచు, నడుమ నడుమ కిరసనాయిలు పోయుచుండెను. లోపలిగోడపై సన్నని గీతలు కనబడినవి.

"ఇంత శ్రమపడి గీతలేల మిగిల్చితివి నాయనా? అద్దమువలె చేయరాదా?" అంటిని.

"అద్దంలా చేస్తే నూనె నిలవదు మాస్టారూ. నూనె లేకపోతే పిస్టను పట్టేస్తుంది" అనెను.

మణికి సానపట్టుట నునుపుకొరకే యని పాఠము చెప్పిన నాకు ఆ మాట క్రొత్తగా తోచినది. ఈ విద్య ఎట్లు పెరిగినదో తెలిసికొనగోరితిని.

లోహమున చక్కని రంధ్రము తొలుచు విద్యను మొదట పెంచినది యుద్ధము. దానికి గురుతు మన నగరముననే యున్నది. నిజాం అలీఖాను కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు 1795లో ఫిరంగులను, గుండ్లను పోతపోయుటకు ఒక శాల నెలకొల్పెను. జనులు దానిని తోప్ కా సాంచా అనిరి; ఆ ప్రాంతము నేటికిని గన్‌ఫౌండ్రీ యనియే పిలువబడుచున్నది. ఫిరంగి రంధ్రము వంకరయైనచో గుండు గురి తప్పును. గుండునకును గోడకును నడుమ సందు హెచ్చినచో మందు బలము వ్యర్థమగును.

అంతకుముందే ఇంగ్లండులో జాన్ విల్కిన్‌సన్ అను ఇనుపపనివాడు 1774లో ఫిరంగులను తొలుచు క్రొత్త పద్ధతికి పేటెంటు పొందెను. జేమ్స్ వాట్ ఆవిరియంత్రమునకు అప్పటి పెద్దబాధ పిస్టను ప్రక్కలనుండి ఆవిరి కారిపోవుట. విల్కిన్‌సన్ కొలదికాలములోనే ఏబది అంగుళముల సిలిండరును, పాత షిల్లింగు నాణెపు మందమంత తేడాయైనను లేకుండ తొలిచి యిచ్చెను. ఫిరంగికై పెరిగిన నేర్పు ఇట్లు శాంతికార్యమునకు వచ్చినది.

రేమండు 1798లో మరణించెను. ఆ యేడే రంఫర్డు అను శాస్త్రజ్ఞుడు, మ్యూనిక్ నగరమున తాను చేసిన ప్రయోగమును లోకమునకు వెల్లడించెను. మొద్దుబారిన పనిముట్టుతో ఫిరంగిని తొలువగా, ఆ రాపిడివేడికి చుట్టునున్న నీరు నిప్పులేకయే మరిగినది. సిలిండరులో పిస్టనుకు నూనె యేల కావలెనో ఇందువలననే బోధపడును.

తొలుచు ఉలి యొక్క మొనతో కోయును గనుక దాని జాడలు గోడపై మిగులును. వానిని తీర్చునదే హోనింగు అను సానపని. మోటారు పరిశ్రమ పెరిగిన 1920 దశకమున ఇది యంత్రశాలలందు స్థిరపడినది. కడ్డీకి బిగించిన సానరాళ్లు గోడను సమముగా ఒత్తుచు, తిరుగుచు, ఎక్కుచు, దిగుచు నుండును. కావున గీతలు కత్తెరవలె ఒకదానినొకటి దాటును. ఆ గీతలలో నూనె నిలుచును. క్రొత్త రింగులు గోడకు కుదురుకొనును. మితిమీరిన నునుపును దోషమే, మితిమీరిన గరుకును దోషమే.

హైదరాబాదు రాజ్యమున 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. బస్సు కాని, జనరేటరు కాని, సిలిండరు అరిగిన పిదప మరల పనిచేయవలెనన్న తొలిచి సానపట్టు చేయి కావలెను.

మనము చదువు చరిత్రలో సేనాని పేరుండును. సానపట్టిన చేతి పేరుండదు. బడిలో నేనును అట్లే చేసితిని. సంధులు తప్పిన పిల్లవాని చేతులలో ఏ నేర్పున్నదో ఒక్కనాడైనను అడుగలేదు. ఆ దినము కార్ఖానాలో నా శిష్యుడు నా వ్రేలిని పట్టి సిలిండరు గోడపై నడిపించి, గీతలు గురుతుపట్టుట నేర్పెను. అరువదియేండ్లు దాటిన పిదప నేను నేర్చిన పాఠమది.

గన్‌ఫౌండ్రీ మీదుగా పోవునపుడు రేమండునేగాక, పేరులేని ఆ పనివారినిగూడ మీరొకమారు తలచుకొనవలెనని నా కోరిక.