బానిస వర్తకపు అభియోగములలో ఎఱుకయు నుద్దేశమును

మనుష్యవిక్రయమును నిషేధించుట యొక యెత్తు. నిషిద్ధమని యెఱిగియే యొకడు దానికి దోడ్పడెనని న్యాయసభలో స్థాపించుట వేఱొక యెత్తు. ఆంగ్లేయులు 1807లో బానిస వర్తకమును నిషేధించిరి. 1811లో దానిని మహాపరాధముగా బరిగణించిరి. 1824 నాటి శాసనము పూర్వపు విధులను క్రోడీకరించుచు, ఆ వర్తకమునకై ఓడను సిద్ధపఱచుట, సరకు నెక్కించుట మొదలగు పనులను ఎఱుకతోడను ఇచ్ఛతోడను జేసినవాడు దండ్యుడని విధించెను. తరువాతి వివాదమంతయు నీ రెండు మాటల చుట్టునే తిరిగినది.

ఓడల విషయము మొదట జెప్పవలసియున్నది. 1817లో స్పెయినుతో జరిగిన సంధి ననుసరించి, బానిసలు ప్రత్యక్షముగా నున్నగాని ఓడను బట్టుటకు వీలులేదు. సంకెళ్లు గుట్టలుగా బడియున్నను, మనుష్యులు లేకున్న ఓడ నిర్దోషియే. తఱుమబడిన నావికులు సాక్ష్యమును మాపుటకై బందీలను సముద్రమున ద్రోసిరను నిందయు నాకాలమున వినబడెను. 1835 సంధి యీ లోపమును సవరించినది. మూతపలకలకు మాఱుగా గాలియాడు చట్రములు గల ద్వారములు, రెండవ తట్టు పఱచుటకు సిద్ధముచేసిన పలకలు, సంకెళ్లు, నావికుల యవసరమునకు మించిన నీటిపీపాలు, భోజనపు తొట్లు, మిక్కిలి పెద్దదగు వంటకాగు, లెక్కకు మించిన బియ్యము, మొక్కజొన్నలు — వీనిలో నే యొక్కటి కనబడినను ఓడ బానిస వర్తకమునకు బూనినదని ప్రథమదృష్టిని నిశ్చయింపవచ్చును. కాదని చూపు భారము ఓడవారిదే. తాటిజాతి చెట్ల నూనె కొఱకే పీపాలు గొనిపోవుచున్నామనువారు, బయలుదేఱిన రేవులోని సుంకపు కచ్చేరి పత్రమును జూపవలెను.

అంతర్గతభావమును బాహ్యలింగములచే గ్రహింపవలెనని మనువు ఎనిమిదవ యధ్యాయమున జెప్పిన సంగతి పండితు లెఱిగినదే. అతడు స్వరము, వర్ణము, ఇంగితము, కన్నులు మున్నగువానిని బేర్కొనెను; ఈ సంధికర్తలు వంటకాగును, పీపాను బేర్కొనిరి. వాని వర్తకులు కపటించుట కొంత కష్టము.

అయితే ఓడకు జెల్లిన యీ న్యాయము మనుష్యునకు జెల్లలేదు. 1843 అక్టోబరులో లండనులోని కేంద్ర నేరవిచారణస్థానమున మోల్ న్యాయాధిపతి యెదుట జరిగిన పేద్రో ద జులువేటా విచారణ మిందులకు దృష్టాంతము. అంతకుముందే బానిస వర్తకపు శంకపై బట్టుబడిన గోలుప్చిక్ అను ఓడ పోర్ట్స్‌మౌత్‌లో అమ్ముడుపోయి, ఆగస్టా యను పేరు దాల్చెను. కొన్నది జెన్నింగ్స్ అను నావికుడు. సొమ్ము కాడిజ్ నగరపు మార్టినెజ్ వర్తకులది. నడుమ వ్యవహారము నడపినది జులువేటా సంస్థ. పొగాకు, తుపాకిమందు, ఇనుపకుండలు మొదలగు సరకులతో ఓడ లివర్‌పూల్ నుండి బయలుదేఱి, ఆఫ్రికా పడమటి తీరపు గల్లినాసు చేరువను 1841 ఫిబ్రవరిలో హిల్ అను నౌకాధిపతికి జిక్కెను. సియెరా లియోను నౌకాన్యాయస్థానము దానిని జప్తుచేసెను.

సర్ జార్జి స్టీఫెన్ ప్రేరణచే జులువేటాపై నభియోగము నడచెను. ఓడలో సంకెళ్లు లేవు. కాని గల్లినాసులో బానిసల క్రయవిక్రయము దప్ప వేఱు వర్తకమే లేదనియు, కావున నచటికి సరకు పంపుటయే యుద్దేశమునకు సాక్ష్యమనియు వాదము. 1840 నవంబరులో డెన్మన్ అను నౌకాధిపతి యచటి బానిసల కొట్టములను దగులబెట్టియుండెను. ప్రతివాది పక్షమువారు, తమ సంస్థ కేవలము కమీషనుపై ఒరుల యాజ్ఞను నెఱవేర్చినదనియు, దూరదేశపు రేవులో నేమి జరుగునో లండను వర్తకున కెట్లు తెలియుననియు వాదించిరి. ఆనాటి న్యాయము ప్రకారము ముద్దాయి తానుగా బ్రమాణముచేసి సాక్ష్యమియ్యరాదు. 1898 వఱకును స్థితి యట్లే యుండెను. 1842లో పార్లమెంటు ఉపసంఘము నెదుట నాతడు చెప్పిన మాటలనే వాది చదివించెను.

ఆ ఓడయే బానిసలను గొనిపోవలసిన పనిలేదు, ఆ వర్తకమునకై సరకు పంపినను నేరమేయని న్యాయాధిపతి యంగీకరించెను. ఇది చిన్న విషయము గాదు. కాని యెఱుక నిశ్చయమైనదా యను ప్రశ్న జూరీకి విడువబడెను. వారు నిర్దోషి యనిరి. తీర్పు న్యాయవిరుద్ధ మనరాదు. సొమ్మొకనిది, పేరొకనిది, ఉత్తరువు వేఱొకనిదిగా బంచుకొన్న వ్యాపారములో నెఱుక యెవ్వని చేతను బూర్తిగా జిక్కదు. ఆ పంపకమే వారికి గవచము. మఱుసటి యేడు జులువేటా తన విచారణ వృత్తాంతమును వర్తకులకు విన్నపముతో గూడ నచ్చు వేయించెను.

2000వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి యంగీకరించిన ప్రోటోకాలు, వలసపోవువారిని దొంగచాటుగా సరిహద్దు దాటించుటను బుద్ధిపూర్వకముగాను లాభార్థముగాను జేసినపుడే నేరముగా బేర్కొనినది. సంకెళ్ల, పీపాల పట్టిక అందు లేదు. దాని మూలపు ఒడంబడికలోని 5వ అధికరణము మాత్రము, సంఘటిత నేరముల విషయమున, ఎఱుకను, ఉద్దేశమును బాహ్యపరిస్థితుల నుండి యూహింపవచ్చునని చెప్పుచున్నది.