తంజావూరు అరల్లో తెలుగు రాగాలు

తంజావూరు సరస్వతీ మహల్ 1918లో ప్రజా గ్రంథాలయమైంది. అంతవరకూ అది రాజుల సొత్తు. నాయకరాజులు కూడబెట్టిన గ్రంథాలు మరాఠాల చేతికొచ్చాయి. రెండో శరభోజి కాశీయాత్రకు వెళ్లినప్పుడు కూడా పుస్తకాలు సేకరించుకొచ్చాడు. గ్రంథాలయ చరిత్ర ఎవరు చెప్పినా ఇంతవరకూ చెబుతారు. సంగీతం అరల దగ్గరికి వచ్చేసరికి చాలామంది ‘అపురూపమైన ప్రతులు’ అనేసి ముందుకు వెళ్లిపోతారు.

మనం కాసేపు అక్కడే ఆగుదాం. ఏలింది మరాఠాలు, చుట్టూ ఉన్నది తమిళ జనం, ఆస్థానంలో పాట మాత్రం ఎక్కువగా తెలుగు. మరాఠా రాజు షాహాజీ (పాలన 1684–1712) తిరువారూరు త్యాగేశుడి మీద పల్లకీ సేవా ప్రబంధాన్ని తెలుగులో రాశాడు. రాగాల లక్షణాలు చెప్పడానికీ తెలుగునే ఎంచుకున్నాడు. ఏ రాగంలో ఏ సంచారం చెల్లుతుందో గీతాల నుంచి, ఠాయాలనే రాగ విస్తారాల నుంచి ముక్కలు తీసి చూపించాడు. రాజుగారికి శాస్త్రం ఒక్కటే చాలలేదు, ప్రయోగమూ కావలసి వచ్చింది.

ఆ ఠాయాలు, ఆలాపాలు తెలుగు లిపిలో స్వరాలతో సహా ఇక్కడ ఉన్నాయి. ఈనాడు ఆలాపన అంటే గాయకుడు అప్పటికప్పుడు అల్లుకునేది. ఈ ప్రతుల్లో మాత్రం రాగం పేరు, దాని కింద ఆయిత్తం, ఎడుపు, ముక్తాయి అంటూ భాగాలు, వాటి కింద వరసగా సరిగమలు. చదవడం తేలికేమీ కాదు. ‘రి’ అని ఉంటే అది ఏ రిషభమో రాగాన్ని బట్టి పోల్చుకోవాలి. ఆ రాగమైనా అప్పటి రాగమో కాదో చూసుకోవాలి. పంతువరాళి అనగానే మనకు 51వ మేళం తోస్తుంది. పాత లక్షణ గ్రంథాల్లో ఆ పేరున్న రాగం మనం శుభపంతువరాళి అంటున్న దానికి దగ్గర. ఈ సంగతి తెలియకుండా పాడితే స్వరాలు సరిపోతాయి, రాగం తప్పిపోతుంది.

ఈ పనికి ఓపిగ్గా కూర్చున్నవాళ్లు లేకపోలేదు. కె. వాసుదేవశాస్త్రి పరిష్కరించిన ఆలాప ఠాయాలను గ్రంథాలయమే 1950లలో అచ్చు వేసింది. ఆ దశకంలోనే పి. సాంబమూర్తి పల్లకీ సేవా ప్రబంధాన్ని స్వరాలతో వెలువరించారు. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్. సీత తంజావూరు సంగీతం మీద రాసిన పెద్ద పుస్తకం 1981లో వచ్చింది. షాహాజీ రాగలక్షణాన్నీ ఆవిడే పరిష్కరించారు. వారి తర్వాత ఆ దారిన నడిచేవాళ్లు పలచబడ్డారు. కారణం ఆసక్తి లేకపోవడమని నేననుకోను. నెలల తరబడి తంజావూరులో అద్దె కట్టుకుని తాళపత్రాల ముందు కూర్చోవాలంటే జరుగుబాటు ఉండాలి గదా!

ఫెలోషిప్ అవసరం ఇక్కడే. కేంద్ర సాంస్కృతిక శాఖ టాగోర్ పేరుతో ఇచ్చే జాతీయ ఫెలోషిప్ లైబ్రరీల్లో, మ్యూజియంలలో ఎవరూ ముట్టుకోని సంపద మీద పనిచేసేవారి కోసమే పెట్టినది. అదే శాఖ ఇచ్చే సీనియర్, జూనియర్ ఫెలోషిప్పులు రెండేళ్లపాటు సాగుతాయి. అందులో మొదటి ఆరు నెలలు మాటకూ మాటకూ ఎడం లేని ఆ పాత రాత కళ్లకు అలవాటు కావడానికే సరిపోతాయి. ఎంపిక సంఘాలు దీన్ని జాప్యంగా లెక్కించకూడదు.

నా మట్టుకు నేను పిహెచ్‌డి ఉన్న పండితుడికన్నా పాఠాంతరం బాగా ఉన్న గాయకుణ్ణే ముందు పంపిస్తాను. లిపి నేర్పవచ్చు. అనుస్వరం ఎక్కడ పలకాలో ఆరు నెలల్లో నేర్పలేం. తెలుగు విశ్వవిద్యాలయాల్లో ప్రాచీన ప్రతులు చదవగలవారు ఒకరు, గాత్రం చెప్పేవారు ఒకరు ఎలాగూ ఉంటారు. ఇద్దరినీ జంటగా ఒకే ఫెలోషిప్ మీద పంపితే ఖర్చు మహా అయితే రెట్టింపవుతుంది. ఒకటే షరతు: ప్రతి ఠాయాన్నీ పాడి రికార్డు చేసి, ఆ రికార్డును ఆ అరలోనే, తాళపత్రం నంబరు వేసి, తర్వాత వచ్చేవారికి అందేట్టు ఉంచి రావాలి.