త్రాగుడు మానినవారి కూటము

కూలి డబ్బు ఇల్లు చేరకమునుపే సారా అంగడి పాలగుట నీవెరుగుదువు. “ఇక ముట్టను” అని ఒట్టు పెట్టుకొన్నవాడు ఒంటరిగా నిలువలేక మరల పడుచున్నాడు. మరి అతనికి తోడెవరు?

1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ పట్టణమందు బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి పని చెడి, దిగులుతో హోటలులో నిలిచియుండెను. అతడు త్రాగుడు మాని అయిదు నెలలే యాయెను. ఎదుటనే మద్యశాల ఉండెను. అతడందులోనికి పోక, ఒక సంఘ కాపరికి టెలిఫోను చేసి, తనవంటి త్రాగుబోతును చూపుమని వేడుకొనెను. అట్లు డాక్టరు బాబ్ స్మిత్ దొరికెను. ఒకరికొకరు తమ కథ చెప్పుకొని ఇద్దరును నిలిచిరి. ఆ యేటి జూన్ 10వ తేదీనే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ తన పుట్టినదినముగా ఎంచుచున్నది. 1957లో ఈ సహవాసము మన దేశమందును ఆరంభమాయెను.

అక్కడ రుసుము లేదు, పేరు బయటపెట్టరు. మానవలెనను కోరిక చాలును. జహీరాబాదువారికి సుమారు 100 కిలోమీటర్ల దూరమున హైదరాబాదులో కూటములు కలవు. 14446 అను ప్రభుత్వ ఉచిత టెలిఫోను దారి చూపును. అయితే బహుకాలము మిక్కిలి త్రాగినవాడు హఠాత్తుగా మానుట ప్రాణాపాయము. ముందు వైద్యునికి చూపవలెను.

నీ పొరుగున అట్టివాడున్నయెడల నిందింపకుము. మొదటి కూటమునకు అతని వెంట నీవే బస్సెక్కుము.