పాలమూరు, నల్గొండల్లో తెర మీది చదువు: ట్యాబ్ మెమరీ లెక్క

మామూలు అవసరాలకు వాడే ట్యాబ్‌లో ఎంత మెమరీ ఉండాలన్నది ఈమధ్య పుట్టిన ప్రశ్న. ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్గొండ జిల్లాల్లో తెర మీద పాఠం చూసే అలవాటు మాత్రం చాలా పాతది. యాభై ఏళ్ల కిందటే అది పాలమూరు పల్లెలకు వచ్చింది. ఆ తెరలకు మెమరీ అన్నదే లేదు. అక్కడి నుంచి ఇప్పటి ట్యాబ్‌ల దాకా వచ్చిన దారిని గమనిస్తే, ఏ కాలంలో ఏది కొరవడిందో, మెమరీ చాలకపోవడం అసలు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.

1975 ఆగస్టు 1న ‘సైట్’ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకుని, ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు ఎంచుకున్న వెనుకబడిన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. నల్గొండ ఆ జాబితాలో లేదు. బడి దగ్గరో పంచాయతీ భవనంలోనో ఊరందరికీ కలిపి ఒక టీవీ పెట్టారు. దానికి పది అడుగుల వెడల్పున, కోళ్ల గూళ్లకు కట్టే జాలీతో చేసిన యాంటెనా ఉండేది. సెట్లు తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. కార్యక్రమాలు తీసిన మూడు కేంద్రాల్లోనూ హైదరాబాద్ ఒకటి, మిగతావి ఢిల్లీ, కటక్. పొద్దున గంటన్నర పాటు బడిపిల్లలకు పాఠాలు వచ్చేవి. సాయంత్రం రెండున్నర గంటలు సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ వంటి విషయాలతో పాటు ఆటపాటలు వచ్చేవి. ఉపగ్రహం ఒక చిత్రంతో పాటు రెండు ధ్వనులను పంపేది కాబట్టి ఒకే బొమ్మను రెండు భాషల్లో వినిపించే వీలుండేది. తెలుగు, కన్నడ మాట్లాడే జిల్లాలు పక్కపక్కనే ఉన్న ఈ ప్రాంతానికి అది చక్కగా సరిపోయే ఏర్పాటు.

ఆ సెట్టులో ఏదీ నిల్వ ఉండేది కాదు. వచ్చినప్పుడు చూడాలి, దాటిపోతే మళ్లీ రాదు. కరెంటు పోతే ఆ రోజు పాఠం పోయినట్టే. 1976 జూలై 31తో గడువు ముగిసి, ఉపగ్రహాన్ని పక్కకు జరపగానే ఆ తెరలన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. పాఠం ఊళ్లో నిలవాలంటే దాన్ని దాచుకునే చోటు ఊళ్లోనే ఉండాలన్న సంగతి అప్పుడే తేలిపోయింది. దాచుకునే సాధనం జనానికి అందే ధరకు రావడానికి మాత్రం ఇంకో ముప్పై అయిదేళ్లు పట్టింది. ఈలోగా 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది, 2002లో ఉపగ్రహం ద్వారా పాఠాలు చెప్పే మన టీవీ వచ్చింది. అవీ ప్రసారాలే.

2011 అక్టోబర్ 5న అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ‘ఆకాశ్’ ట్యాబ్‌ను విడుదల చేశారు. డేటావిండ్ కంపెనీ రూపొందించిన ఆ ట్యాబ్ విడిభాగాలను కూర్చి బిగించింది హైదరాబాద్‌లో, క్వాడ్ ఎలక్ట్రానిక్స్ వారి ప్లాంటులో. ప్రభుత్వం కొన్న ధర రూ. 2,300 లోపే. తొలి విడతగా లక్ష ట్యాబ్‌లు కాలేజీ విద్యార్థులకు ఇవ్వాలన్నది పథకం. ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 2 జీబీ నిల్వ, ఆండ్రాయిడ్ 2.2. తెర మీద వేలు ఆనిస్తే చాలదు, గట్టిగా నొక్కాలి. ఛార్జింగ్ రెండు మూడు గంటలకు మించి నిలవదు. పేజీ తెరవడంలో ఆలస్యం, వీడియో తడబడడం వంటి ఫిర్యాదులు వెంటనే వచ్చాయి.

అప్పట్లో చాలామంది తప్పంతా 256 ఎంబీ ర్యామ్‌దే అన్నారు. ఈ తీర్పు నిలవదు. అంతకు ఏడాదిన్నర ముందు, 2010 ఏప్రిల్‌లో, ఆపిల్ అమ్మిన మొదటి ఐప్యాడ్‌లోనూ ఉన్నది 256 ఎంబీ ర్యామే. అది సాఫీగా పనిచేసింది. దాని ప్రాసెసర్ వేగం ఒక గిగాహెర్ట్జ్, నిల్వ కనీసం 16 జీబీ, దాని సాఫ్ట్‌వేర్‌ను ఆ ఒక్క యంత్రానికి తగ్గట్టుగానే కొలతపెట్టి రాశారు. ధరలో ఉన్న తేడా ముఖ్యంగా వీటిలో కనిపించింది. ర్యామ్ అంకెను మాత్రమే చూసి ట్యాబ్ మంచిచెడ్డలు తేల్చడం ఎంత పొరపాటో ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే అర్థమవుతుంది.

నల్గొండ, పాలమూరు విద్యార్థికి ఆకాశ్‌లో ఇంకో పెద్ద లోటు ఉంది. దాని గురించి అప్పుడు మాట్లాడినవారు తక్కువ. ఆండ్రాయిడ్‌లోకి తెలుగు లిపి 2012లో వచ్చిన 4.1 వెర్షన్‌తో చేరింది. అంతకుముందు వెర్షన్లలో ఫోన్ కంపెనీ తానుగా ఏర్పాటు చేస్తే తప్ప తెలుగు అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపించేవి. 2012 నవంబర్ 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విడుదల చేసిన ఆకాశ్-2లో ర్యామ్ 512 ఎంబీకి, నిల్వ 4 జీబీకి, ప్రాసెసర్ ఒక గిగాహెర్ట్జ్‌కు పెరిగాయి, వేలు ఆనిస్తే చాలే తెర వచ్చింది. అయినా అది నడిచింది ఆండ్రాయిడ్ 4.0 మీద. తెలుగు మాధ్యమంలో చదివి కాలేజీకొచ్చిన పిల్లవాడికి రెట్టింపు ర్యామ్ కన్నా ఆ ఒక్క మెట్టు సాఫ్ట్‌వేరే ఎక్కువ ఉపయోగపడి ఉండేది.

తెలుగు అక్షరాలు ఎక్కువ మెమరీ తింటాయన్న మాట ఒకటి ఉంది. అందులో నిజం లేకపోలేదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోయే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. ‘నల్గొండ’ అని రాస్తే న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, డ కలిపి ఏడు గుర్తులు, అంటే 21 బైట్లు. మూడింతలు అనగానే భయం వేస్తుంది కానీ మొత్తం చూస్తే అది చాలా చిన్నది. పేజీకి 1,500 గుర్తుల చొప్పున 300 పేజీల తెలుగు పుస్తకం మొత్తం ఒకటిన్నర ఎంబీ లోపే ఉంటుంది. అదే అరగంట వీడియో పాఠం, నాణ్యత తగ్గించి చూసినా, సుమారు 100 నుంచి 150 ఎంబీ దాకా ఉంటుంది. ఒక వీడియో పాఠం పట్టే చోటులో దాదాపు వంద పుస్తకాలు పడతాయన్నమాట. మెమరీని నింపేది చదువు కాదు, బొమ్మ.

వైద్య ఆరోగ్య శాఖ అనుభవమూ ఇదే చెబుతుంది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘అన్మోల్’ పథకంలో ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్ఎంలకు ట్యాబ్‌లు ఇచ్చారు. గర్భిణుల వివరాలు, పిల్లల టీకాల తేదీలు ఇంటి గడపలోనే నమోదు చేసి, సిగ్నల్ దొరికిన చోట పైకి పంపేలా ఆ యాప్ తయారైంది. ఒక ఉపకేంద్రం పరిధిలోని కుటుంబాలన్నిటి వివరాలూ కొద్ది ఎంబీలకు మించవు. అటువంటి పనికి మంచి బ్యాటరీ, ఎండలో కనిపించే తెర కావాలి. ర్యామ్ రెండింతలు చేసినంత మాత్రాన ఏఎన్ఎంకు ఒరిగేది పెద్దగా లేదు.

మరి 256 ఎంబీతో మొదలైన ప్రయాణం మూడు నాలుగు జీబీల దాకా ఎందుకు వచ్చింది? వాడేవాళ్ల పని అంతగా పెరగలేదు. ఉత్తరం చదవడం, పాఠం చూడడం, ఫారం నింపడం, ఊరు దాటిపోయిన మనిషితో వీడియోలో మాట్లాడడం, ఇవే పనులు. పెరిగింది సాఫ్ట్‌వేర్ బరువు. మొదటి ఐప్యాడ్‌నే చూస్తే, 2012లో వచ్చిన ఐఓఎస్ 6 దాని మీద ఎక్కలేదు. కొని రెండున్నరేళ్లు కాకముందే అది పాతబడింది. ఒక జీబీ, అంతకన్నా తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ల కోసమని గూగుల్ 2017 చివర్లో తేలికపాటి ఆండ్రాయిడ్ గో తెచ్చింది. అయిదేళ్లు తిరిగేసరికి, ఆండ్రాయిడ్ 13తో, ఆ తేలికపాటి రకానికే కనీసం రెండు జీబీ ర్యామ్, 16 జీబీ నిల్వ ఉండాలన్న నియమం వచ్చింది. పేదవాడి కోసం పెట్టిన మెట్టు కూడా పైకి జరిగింది. ఇది సామాన్యుడి అవసరం పెరగడం కాదు, అతని మీద పడిన భారం. ఆ తేడాను ప్రభుత్వాలు కొనుగోళ్ల వేళ గుర్తుపెట్టుకోవాలి.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం మూడు నుంచి పదో తరగతి దాకా డిజిటల్ పాఠాలు మొదలుపెట్టింది. అవి టీ-సాట్ చానెళ్లలోనూ దూరదర్శన్ యాదగిరిలోనూ వచ్చాయి. మన టీవీయే రాష్ట్రం ఏర్పడ్డాక టీ-సాట్‌గా మారింది. యాదగిరి చానెల్‌కు ఆ పేరు ఉమ్మడి నల్గొండ జిల్లాలోని గుట్ట పేరు మీదుగా వచ్చిందే. ట్యాబ్‌లు, స్మార్ట్‌ఫోన్లు ఇంతగా పెరిగిన కాలంలో కూడా పాఠం మళ్లీ ప్రసారం మీదే, టీవీ మీదే ఆధారపడాల్సి వచ్చిందన్నది గమనించాల్సిన విషయం. ఇంటికొక్క ఫోను ఉంటే అది కూలికి పోయే తండ్రి జేబులో ఉండేది. పాలమూరు నుంచి ముంబయి, పుణెల దాకా వలసపోయే కుటుంబాల్లో ఆ ఫోను ఊళ్లోనే ఉండేది కాదు. నల్లమలలోని అమ్రాబాద్ అడవుల్లో ఉన్న చెంచు పెంటల్లో ఫోనున్నా సిగ్నల్ అందేది కాదు. వీళ్లెవరికీ ర్యామ్ సమస్య కాదు. సాధనం చేతిలో ఉండడం, పాఠం అందులో ముందే ఉండడం, ఈ రెండే కావాలి.

రెండోదానికి కావలసింది నిల్వ. 2017లో మొదలైన దీక్ష యాప్‌లో పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి పాఠాన్ని దించుకుంటే తర్వాత నెట్ లేకుండా చూడొచ్చు. కృష్ణకు అవతల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి అయిదు లక్షలకు పైగా శాంసంగ్ ట్యాబ్‌లు పంచినప్పుడు కూడా పాఠాలు ముందే నింపి ఇచ్చింది. వాటిలో ర్యామ్ 3 జీబీ. నాలుగు గోడల మధ్య వైఫై ఉన్న నగరపు పిల్లవాడికి 32 జీబీ నిల్వ చాలా ఎక్కువ అనిపించవచ్చు. కానీ సిస్టమ్ తనకు తీసుకోగా మిగిలే 16 జీబీ లేదా కాస్త ఎక్కువలో అరగంట పాఠాలు సుమారు వంద నుంచి నూట అరవై దాకా మాత్రమే పడతాయి. ఏడాది సిలబస్‌కు అది చాలదు. నల్లమలలో చదివే పిల్లవాడి ట్యాబ్‌కు మెమరీ కార్డు పెట్టే సందు తప్పనిసరిగా ఉండాలి.

ర్యామ్ నిజంగా తక్కువైతే ఎలా తెలుస్తుందో కూడా చూడాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘ర్యామ్ 80 శాతం నిండింది’ అని చూసి కంగారుపడేవారు ఎక్కువ. ఆండ్రాయిడ్ కావాలనే దాన్ని నింపి ఉంచుతుంది. ఇటీవల వాడిన యాప్‌లను అందులోనే పెట్టుకుంటే మళ్లీ తెరిచినప్పుడు త్వరగా వస్తాయి. ర్యామ్ శుభ్రం చేస్తామనే యాప్‌లు ఆ పనికి అడ్డుపడడమే తప్ప చేసే మేలు లేదు. అసలు పరీక్ష వేరే చోట ఉంది. డిగ్రీ చదివే అమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తును బ్రౌజర్‌లో సగం నింపి, కులధ్రువీకరణ పత్రం ఫొటో తీయడానికి కెమెరా తెరుస్తుంది. కెమెరా ఎక్కువ ర్యామ్ అడుగుతుంది. చోటు లేకపోతే ఆండ్రాయిడ్ వెనకున్న బ్రౌజర్‌ను మూసేస్తుంది. ఆమె తిరిగి వచ్చేసరికి ఫారం ఖాళీగా ఉంటుంది, పేరు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు జీబీల ట్యాబ్‌లో ఇది తరచూ జరుగుతుంది, మూడింటిలో అప్పుడప్పుడు, నాలుగింటిలో అరుదుగా. పాఠాలు, ఫారాలు, వీడియో కాల్స్, పేపర్ చదవడం, పాటలు వినడం, వీటికి నాలుగు జీబీ చాలు. ఆరు, ఎనిమిది జీబీల కోసం అదనంగా పెట్టే డబ్బు పెద్ద ఆటలు ఆడేవారికి, వీడియోలు కత్తిరించి అతికించేవారికి ఉపయోగపడుతుంది. మిగతావారు ఆ డబ్బును నిల్వ మీదా బ్యాటరీ మీదా పెట్టుకోవడమే మేలు.

‘మెమరీ నిండింది’ అని దుకాణానికి తెచ్చే ట్యాబ్‌లలో చాలావాటి సంగతి కూడా నిల్వకు సంబంధించిందే. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే శుభోదయం బొమ్మలు, పెళ్లి వీడియోలు తమంతట తామే దిగి చేరుకుంటాయి. నిల్వ అంచుదాకా నిండితే కొత్తవి రాయడానికి చిప్‌లో ఖాళీ గళ్లు దొరకక ట్యాబ్ మొత్తం నెమ్మదిస్తుంది. దాన్ని చూసి ర్యామ్ చాలలేదనుకుని కొత్తది కొనేస్తారు. వాట్సాప్‌లో ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపి, పాతవి తీసేస్తే ఎన్నో ట్యాబ్‌లు ఇంకో రెండేళ్లు నడుస్తాయి. డబ్బాల మీద ఇప్పుడు ‘4 జీబీ + 4 జీబీ’ అని రాస్తున్న వర్చువల్ ర్యామ్ కూడా నిల్వలోంచి తీసుకున్న చోటే. అసలు ర్యామ్ వేగం దానికి రాదు, పైగా నిల్వ ఆ మేరకు తగ్గుతుంది. అసలు ర్యామ్ చిప్‌ను బోర్డుకే అతికిస్తారు కాబట్టి కొన్నాక ఏ మెకానిక్కూ దాన్ని పెంచి ఇవ్వలేడు. తర్వాత పెంచుకోగలిగేది, అది కూడా సందు ఉంటేనే, కార్డుతో నిల్వ ఒక్కటే.