ఇసుకలో ఓనమాలు



అక్షరాభ్యాసమునాడు పళ్ళెములో బియ్యము పోసి బిడ్డ వ్రేలు పట్టి వ్రాయింతుము. ఇది వేడుక మాత్రమే కాదనియు, మన వీథిబడుల బోధనాపద్ధతికి ఆనవాలనియు నేను మనవి చేయుచున్నాను.

1822లో చెన్నరాజధాని గవర్నరు తామస్ మన్రో బడుల లెక్క తీయింప నుత్తరువు చేసెను. బళ్ళారి కలెక్టరు కేంబెల్ తన జిల్లాలో 533 బడులును, 6,641 మంది విద్యార్థులును గలరని 1823లో వ్రాసెను. వారిలో బాలికలు 60 మందియే. పిల్లలు అక్షరములను మొదట నోట వల్లింపక, ఇసుకలో వ్రేలితో వ్రాసి నేర్చుచున్నారని ఆయన గుర్తించెను.

అంతకు పూర్వమే చెన్నపట్టణమున అనాథబాలుర పాఠశాల నడిపిన ఆండ్రూ బెల్ అను మతగురువు, ఒక నాటుబడిలో ఈ విధానమును చూచి తానును అవలంబించెను. 1797లో లండనున దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. పిమ్మట ఇంగ్లండులోని బీదపిల్లలును ఇసుకలో అక్షరములు దిద్దిరి.

అచట ఇసుకపళ్ళెములు వ్యాపించుచుండగా ఇచట బడులు క్షీణించెను. కేంబెల్ కారణమును దాచలేదు. సీమబట్టలు వచ్చి నేతపనివారి జీవనము చెడెను, దేశము బీదవడెను, తల్లిదండ్రులు పసివారిని సైతము పనికి పంపిరి. లోపించినది పద్ధతి కాదు, కూడు.

నాటి బడులు నిర్దోషములని నేననను. అర్థమెఱుగని పద్యములను వల్లెవేయించుచుండిరని కేంబెలే వ్రాసెను. కావున పెద్దలారా, మనుమనికిని మనుమరాలికిని ఇసుకలో "అ" దిద్దించుచు, "అమ్మ" అని పలికింపుడు. వ్రేలు, కన్ను, చెవి ఒక్కమాఱే నేర్చును. అర్థమును వెంటనే తోచును.