పశువును కోయని మాంసము

1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అలెక్సిస్ కారెల్ న్యూయార్కు నగరమున కోడిపిండపు గుండెనుండి చిన్న తునక తీసి గాజుపాత్రలో పెంచనారంభించెను. అది 34 ఏండ్లు సజీవముగ నుండెనని చెప్పుకొనిరి. ఆ మాటలో కొంత అతిశయము కలదని తరువాతివారు తేల్చిరి. అయినను శరీరము వెలుపల కండ పెరుగుననుట మాత్రము నిలిచినది. రెక్కకొరకు, రొమ్ముకొరకు కోడినంతటిని పెంచనక్కరలేని కాలము యాభై ఏండ్లలో వచ్చునని 1931లో చర్చిలు వ్రాసెను. ఆ గడువు దాటిపోయినది. 2013 ఆగస్టు 5న లండనులో మార్క్ పోస్ట్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఆవుకణములతో పెంచిన మాంసపు బర్గరును వండించి చూపెను. దానికైన ఖర్చు సుమారు 2,50,000 యూరోలు!

ఈ చరిత్రలో మన తెలుగువాడొకడు కలడు. డాక్టరు ఉమా వాలేటి విజయవాడలో పుట్టెను. పండ్రెండేండ్ల ప్రాయమున ఒక పుట్టినరోజు విందునకు పోగా, ముంగిట ఆటపాటలు, పెరటిలో అదే విందుకై జంతువుల వధ కనబడెనట. అమెరికాలో హృద్రోగ వైద్యుడై, దెబ్బతిన్న గుండెకండరమును మూలకణములతో బాగుచేయు ప్రయత్నములలో పాల్గొనుచు, ఇట్లే మాంసమును ఏల పెంచరాదని ఆలోచించెను. 2015లో ఆయన మరికొందరితో స్థాపించిన కంపెనీయే నేటి అప్‌సైడ్ ఫుడ్స్. 2016లో వారి మాంసము పౌను ఒక్కింటికి 18,000 డాలర్లు పడెను. ఆ ధరకు జూబిలీహిల్సులో సైతము బిరియాని అమ్ముడుపోదు. 2023 జూనులో వారి కోడిమాంసమునకు అమెరికా ప్రభుత్వము అమ్మకపు అనుమతి నిచ్చెను. సింగపూరు 2020లోనే మరియొక కంపెనీకి ఇచ్చియుండెను.

పని జరుగు తీరిది. బ్రతికియున్న పశువునుండి కొన్ని కణములు తీసి చక్కెర, లవణములు, అమినో ఆమ్లములు, విటమినులు గల వెచ్చని ద్రవములో పెంచుదురు. అవి విభజనచెంది, పిదప ఒకదానితో నొకటి కలిసి కండనార లగును. చిక్కు ఇచ్చటనే యున్నది. తొట్టిలోని కండకు రక్తనాళములు లేవు. కనుక ప్రాణవాయువు లోపలికి మిల్లీమీటరైనను చొరజాలదు. అందుచే ఖీమావంటిది సులభము. ఎముకతో, కొవ్వుతో కూడిన బిరియాని ముక్క కష్టము. తొట్టికి రోగనిరోధకశక్తియు లేదు. సూక్ష్మజీవి చొరబడినచో అంతయు పాడగును. వెచ్చదనము నిలుపుటకు విద్యుత్తు కావలెను. అన్నింటికంటె విపరీతమేమనగా, తొలినాళ్ళలో కణములకు ఆహారమైన సీరమును వధించిన చూడియావుల గర్భములోని దూడల రక్తమునుండి తీసెడివారు. అహింసకై పుట్టిన మాంసమునకు ఇది మచ్చయే. సీరము లేని ద్రవములకై కృషి జరిగి, కొంత ఫలించినది.

ఈ పరిశోధన హైదరాబాదునకును వచ్చెను. 2019లో కేంద్ర జీవసాంకేతిక శాఖ హబ్సిగూడలోని సి.సి.ఎం.బి.కి, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రమునకు సుమారు నాలుగున్నర కోట్ల రూపాయలు మంజూరు చేసెను. అంతకు రెండేండ్ల ముందే, 2017లో, తెలంగాణ ప్రభుత్వము గొల్ల కురుమ కుటుంబములకు 20 గొఱ్ఱెలను, ఒక పొట్టేలును సబ్సిడీపై పంచుట మొదలిడెను. ఈ రెండు ఖర్చులను ఒకే లెక్కలో చూడక తప్పదు. తొట్టిమాంసము చవుకైన నాడు మందవెంట నడచువాని గతి యేమి? ఇటలీ 2023లోను, ఫ్లోరిడా 2024లోను తమ పశుపోషకుల పేరు చెప్పి దాని అమ్మకమును నిషేధించినవి.